జీవశిల క్యూరింగ్: ఉప్పునీటి అక్వేరియం చరిత్రలో దూరం, నష్టం

వ్యాససంగ్రహం:
పగడపు దిబ్బల నుంచి తెచ్చిన రాళ్ళను ఉప్పునీటి అక్వేరియంలో అమర్చడానికి ముందు కొన్ని వారాలపాటు విడి తొట్టెలో ఉంచుతారు. వాటిపై చనిపోయిన జీవపదార్థం ఆ కాలంలో కుళ్ళి తొలగిపోతుంది. ఈ ప్రక్రియకు 'క్యూరింగ్' అని పేరు. దీనిని సాధారణంగా పెంపకందారు పాటించవలసిన సాంకేతిక నియమంగానే వివరిస్తారు. క్యూరింగ్ అవసరం రాయి స్వభావం నుంచి కాక, దిబ్బకూ తొట్టెకూ మధ్య పెరిగిన దూరం నుంచి పుట్టిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 19వ శతాబ్ది ఇంగ్లండు, 1961 నాటి జకార్తా, ఆ తర్వాతి బెర్లిన్, ఫ్లోరిడా, ఫిజీల ఉదాహరణలతో ఈ ప్రతిపాదనను పరిశీలించి, చివర భారతీయ చట్ట సందర్భాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: జీవశిల, క్యూరింగ్, పగడపు దిబ్బ, నత్రీకరణం, అక్వేరియం చరిత్ర, ఫ్లోరిడా, ఫిజీ, సైటీస్ ఒప్పందం.

1. ఉపోద్ఘాతం

సముద్రజీవులను గాజుతొట్టెలో పెంచే ప్రయత్నానికి 170 ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను చెప్పేటప్పుడు సాధారణంగా పరికరాలకే పెద్దపీట వేస్తారు. గాజు ఎప్పుడు చవకయింది, గాలిపంపు ఎప్పుడు వచ్చింది, వడపోత ఎలా మారింది, దీపాలు ఎలా మెరుగయ్యాయి అన్న ప్రశ్నల చుట్టూ ఆ కథనం సాగుతుంది. తొట్టెలోని రాయికి అందులో దక్కే చోటు తక్కువ. అయితే 1980ల తర్వాత ప్రచారంలోకి వచ్చిన పగడపు అక్వేరియాలలో నీటిని శుద్ధి చేసే ప్రధాన సాధనాలలో ఆ రాయి ఒకటి. అది అలంకారం కాదు, తొట్టెకు ఊపిరితిత్తుల వంటిది.

సముద్రం నుంచి వచ్చిన రాయిని నేరుగా తొట్టెలో పెట్టకూడదనీ, ముందుగా క్యూరింగ్ చేయాలనీ పెంపకందారుల కరదీపికలన్నీ చెబుతాయి. ఎన్ని వారాలు, ఎంత ఉష్ణోగ్రత, ఏ పరీక్షలు అన్నవి వాటిలో వివరంగా ఉంటాయి. అయితే అదే రాయిని క్యూరింగ్ లేకుండానే వాడి, పగడాలను చక్కగా పెంచినవారు చరిత్రలో ఉన్నారు. అప్పుడు అవసరం లేనిది తర్వాత ఎందుకు అనివార్యమైంది? ఆ ప్రక్రియలో నశించేది ఏమిటి? ఆ నష్టాన్ని ఎవరు భరించారు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానాలను అన్వేషించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పదం - పరిభాష

ఆంగ్లంలో 'లైవ్ రాక్' అని వ్యవహరించేదానిని ఈ వ్యాసంలో 'జీవశిల' అనడమైంది. నిజానికి ఈ శిలకు ప్రాణం లేదు. చనిపోయిన పగడాల అస్థిపంజరాలు అలల తాకిడికి విరిగి, ఇసుకతోనూ ఇతర అవశేషాలతోనూ కలిసి, సున్నాన్ని స్రవించే ఎర్రశైవలాల పొరలతో అతుక్కుని గట్టిపడగా ఏర్పడిన రాయి ఇది. రసాయనికంగా ఇది ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. దీని ఉపరితలం మీద శైవలాలు, స్పంజికలు, నత్తలు నివసిస్తాయి. రంధ్రాలలో పురుగులు, చిన్న పీతలు, రొయ్యజాతి జీవులు ఉంటాయి. మరింత లోపల కంటికి కనబడని బాక్టీరియా ఉంటుంది. 'జీవ' అన్న విశేషణం రాయికి కాక, రాయిని ఆశ్రయించిన ఈ సమూహానికి వర్తిస్తుంది.

'క్యూరింగ్' అన్న మాట తెలుగువారికి కొత్తది కాదు. ప్రకాశం, గుంటూరు ప్రాంతాల వర్జీనియా పొగాకు రైతులకు బ్యారన్‌లో ఆకును వేడితో ఆరబెట్టడం క్యూరింగ్. ఇల్లు కట్టేవారికి కాంక్రీటును రోజుల తరబడి నీటితో తడపడం క్యూరింగ్. మొదటిదానిలో తడి పోవాలి, రెండవదానిలో తడి నిలవాలి. పచ్చిగా ఉన్న వస్తువును అదుపులో ఉంచిన కాలం ద్వారా వినియోగానికి అర్హం చేయడం ఈ రెండింటికీ సామాన్యమైన అంశం. జీవశిల విషయంలో జరిగే పనికి తెలుగులో 'మాగబెట్టడం' దగ్గరి మాట. కాయను గడ్డిలో మాగబెట్టినప్పుడు మార్పు కాయలోనే జరుగుతుంది. మనిషి చేసేది తగిన పరిస్థితి కల్పించి వేచి ఉండటమే. శిలను మాగబెట్టడమూ అటువంటిదే. అయితే పండులో పోయేది పులుపు, శిలపై పోయేవి ప్రాణాలు.

ఆంగ్లంలో ఈ మాటకు 'వ్యాధిని నయం చేయడం' అనే అర్థం కూడా ఉంది. ఆ అర్థచ్ఛాయ వల్ల రాయిలోనే ఏదో దోషం ఉందనీ, తొట్టె యజమాని దానిని సరిచేస్తున్నాడనీ స్ఫురిస్తుంది. ఆ దోషం సముద్రంలో ఉన్నప్పుడు రాయికి లేదు, ప్రయాణంలో సంక్రమించింది. పదం దాచిపెడుతున్న ఈ విషయమే తరువాతి చర్చకు ఆధారం.

3. కుళ్ళు సమస్య: 19వ శతాబ్ది నేపథ్యం

మూసి ఉన్న నీటిలో చనిపోయిన పదార్థం మిగతా జీవులకు ప్రాణాంతకమవుతుందన్న గ్రహింపు అక్వేరియం పుట్టుకతోనే ఉంది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త లండన్‌లోని కెమికల్ సొసైటీకి తన ప్రయోగాన్ని నివేదించాడు. ఒక పాత్రలో బంగారు చేపలను, వాలిస్నేరియా అనే నీటిమొక్కను ఉంచితే, మొక్క ఇచ్చే ప్రాణవాయువు చేపలకు సరిపోయింది. కాని మొక్క రాలిన ఆకులు కుళ్ళి నీటిని పాడుచేశాయి. ఆ కుళ్ళును తినే నత్తలను చేర్చిన తర్వాతనే సమతుల్యత కుదిరింది. ఇది మంచినీటి ప్రయోగమే అయినా, అందులో తేలిన సూత్రం ముఖ్యమైనది. తొట్టె నిలబడటానికి ప్రాణవాయువు ఒక్కటే చాలదు, మృతపదార్థాన్ని వదిలించే జీవులు కూడా కావాలి.

సముద్రజలం విషయంలో అంతకు ముందే ప్రయత్నించినవారు ఆనా థిన్. ఆమె 1846లో టార్కీ తీరం నుంచి మాడ్రెపోర్ అనే జాతి పగడాలను లండన్‌కు తెచ్చి, తర్వాత సముద్రపు నాచును కూడా చేర్చి, సుమారు మూడేళ్ళు బతికించగలిగారు. మొదట్లో నీటిలో గాలి కలవడానికి దానిని ఒక పాత్ర నుంచి మరొక పాత్రలోకి పదేపదే పోయవలసి వచ్చేది.

1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం అక్వేరియం తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ రచించిన 'ది అక్వేరియం' వెలువడింది. గాజుపై పన్ను 1845లో రద్దు కావడం, రైలుమార్గాలు తీరాలకు చేరడం ఈ అభిరుచికి తోడ్పడ్డాయి. గాస్ ఇచ్చిన సూచనలలో ఒకటి ఈ వ్యాసానికి సంబంధించినది. సముద్రపు నాచుకు భూమి మీది మొక్కలకున్న వేళ్ళు ఉండవు కనుక దానిని పీకి తేకూడదు. సుత్తి, ఉలితో అది అంటుకుని ఉన్న రాతిముక్కను కూడా చెక్కి తేవాలి. ప్రాణమున్న రాతిముక్కను సముద్రం నుంచి విడదీసి తొట్టెకు తరలించే పద్ధతి ఆనాటికే ఉందన్నమాట.

దాని పర్యవసానాన్ని గాస్ కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో ప్రచురించిన 'ఫాదర్ అండ్ సన్' గ్రంథంలో నమోదు చేశాడు. తన తండ్రి పుస్తకాలు చదివి తీరానికి వచ్చిన సేకర్తల వల్ల ఒకప్పటి రాతి మడుగుల సౌందర్యం నాశనమైందని ఆయన విచారం వ్యక్తం చేశాడు. తొట్టెలోని వైభవానికీ తీరంలోని శూన్యానికీ గల సంబంధాన్ని ఈ తొలి ఉదాహరణే చూపుతుంది.

కుళ్ళు వెనక ఉన్న సూక్ష్మజీవుల పాత్ర తర్వాత తేలింది. నత్రీకరణం జీవక్రియ అని 1877లో ష్లోసింగ్, ముంట్జ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు నిరూపించారు. 1890లో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఆ పని చేసే బాక్టీరియాను వేరుచేశాడు. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, మరొక రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ జ్ఞానం మొదట నేలల శాస్త్రానికి, మురుగునీటి శుద్ధికి ఉపయోగపడింది. ఇంటి అక్వేరియం దానిని అందిపుచ్చుకోవడానికి దశాబ్దాలు పట్టింది.

4. జకార్తా పద్ధతి

1961 ఫిబ్రవరిలో 'ట్రాపికల్ ఫిష్ హాబీయిస్ట్' అనే అమెరికన్ పత్రికలో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ వ్యాసం వెలువడింది. ఆయన తన పద్ధతిని ప్రకృతి పద్ధతిగా అభివర్ణించాడు. ఆయన తొట్టెలలో యాంత్రికమైన వడపోత లేదు. సముద్రపు నీరు, ఇసుక, జీవులతో కూడిన రాళ్ళు, పగటి వెలుగు, నెమ్మదిగా పైకి లేచే గాలిబుడగలు మాత్రమే ఉన్నాయి. అందులో చేపలే కాక పగడాలు, సీ అనిమోన్లు కూడా బతికాయి. అక్వేరియం చరిత్రకారులు జీవశిలను శుద్ధి సాధనంగా వాడిన తొలి వ్యక్తులలో ఆయనను లెక్కిస్తారు.

ఆనాటి పాశ్చాత్య పద్ధతి దీనికి పూర్తిగా భిన్నమైనది. ఫ్లోరిడాకు చెందిన రాబర్ట్ స్ట్రాన్ 1959లో ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం గురించి రాసిన పుస్తకం, ఆ తరం పెంపకందారులకు మార్గదర్శి అయింది. తొట్టె అడుగున గులకరాళ్ళ పొర, దాని కింద చిల్లుల పలక, ఆ పొర గుండా నీటిని లాగే గాలిగొట్టం అప్పటి ప్రధాన వడపోత. అలంకారానికి పగడాల అస్థిపంజరాలు వాడేవారు. వాటిని క్లోరిన్ ద్రావణంలో నానబెట్టి, ప్రాణం అన్నది లేకుండా తెల్లగా చేసి, కడిగి, తొట్టెలో పెట్టేవారు. నాచు పట్టినప్పుడల్లా తీసి మళ్ళీ తెల్లబరిచేవారు. ఒక రాయిపై ఉన్న ప్రాణాన్ని ఒకచోట శత్రువుగా, మరొకచోట ఆధారంగా భావించిన రెండు దృక్పథాలు ఒకే కాలంలో ఉన్నాయి.

జకార్తా పద్ధతి ఆ దశకంలో పాశ్చాత్య దేశాల ప్రధాన స్రవంతిలోకి రాలేదు. దానికి కారణాలు పలు విధాలు. దీపాల శక్తి, నీటి రసాయన పరిజ్ఞానం వాటిలో ముఖ్యమైనవి. ఈ వ్యాసం దృష్టిలో మరొక కారణం కూడా గమనార్హమైనది. జకార్తా ఎదుటి సముద్రంలోనే పులావ్ సెరిబు దీవుల పగడపు దిబ్బలున్నాయి. అక్కడి పెంపకందారుకు రాయి దిబ్బను వదిలిన కొన్ని గంటలలోనే తొట్టెకు చేరగలదు. నీటిలోనే ఉంచి తెచ్చే వీలూ ఉంది. అందువల్ల రాయిపై ఉన్న సమూహం చాలావరకు సజీవంగానే చేరుతుంది. చనిపోయిన కొద్దిపాటిని బతికి ఉన్న పురుగులు, పీతలు, బాక్టీరియా తినేస్తాయి. వారింగ్టన్ పాత్రలో నత్తలు చేసిన పనిని ఇక్కడ రాయి తానే చేస్తుంది. అటువంటి పరిస్థితిలో క్యూరింగ్ అన్న ప్రత్యేక దశకు చోటులేదు. ఖండాంతరాలలోని పాఠకునికి పద్ధతి అందింది గాని, ఆ పద్ధతికి ఆధారమైన సామీప్యం అందలేదు.

5. బెర్లిన్ నుంచి అమెరికాకు: క్యూరింగ్ రూపుదిద్దుకున్న తీరు

సామీప్యం లేనిచోట జీవశిలను నిలబెట్టే సాంకేతికత జర్మన్ భాషాప్రాంతంలో రూపొందింది. పీటర్ విల్కెన్స్ 1973లో ఉష్ణమండల సముద్రపు అకశేరుకాల పెంపకంపై జర్మన్ భాషలో గ్రంథం ప్రచురించాడు. పగడాలకు అవసరమైన కాల్షియంను సున్నపు తేటనీటి రూపంలో అందించే విధానానికి ఆయన ప్రాచుర్యం కల్పించాడు. బెర్లిన్‌లో డీట్రిష్ స్ట్యూబర్, ఆయన సహచరులు జీవశిల, తీవ్రమైన వెలుతురు, బలమైన నీటి ప్రవాహం, ప్రొటీన్ స్కిమ్మర్ అనే నాలుగింటి కలయికతో పగడాలను పెంచారు. తర్వాత ఇదే 'బెర్లిన్ పద్ధతి' అయింది. స్ట్యూబర్ తొట్టెలో పెరిగిన అక్రోపోరా పగడం ముక్కలు చేతులు మారి అనేక దేశాల తొట్టెలకు చేరాయి.

వీటిలో ప్రొటీన్ స్కిమ్మర్ క్యూరింగ్ చరిత్రకు కీలకమైనది. నిలువు గొట్టంలో సన్నని గాలిబుడగలను నీటితో కలిపితే, నీటిలో కరిగిన సేంద్రియ పదార్థం బుడగలకు అంటుకుని నురుగుగా పైకి వస్తుంది. దానిని గిన్నెలోకి తీసి పారబోస్తారు. గులకరాళ్ళ వడపోత కుళ్ళిన తర్వాత పుట్టిన అమ్మోనియాను మార్చేది. స్కిమ్మర్ కుళ్ళకముందే పదార్థాన్ని బయటికి తీసివేస్తుంది. పెద్ద మొత్తంలో చచ్చిన జీవపదార్థంతో వచ్చే రాయిని తట్టుకునే శక్తి ఈ పరికరం వల్ల వచ్చింది.

అమెరికాలో మలుపు 1986లో వచ్చింది. ఆ ఏడాది జార్జ్ స్మిట్ 'ఫ్రెష్‌వాటర్ అండ్ మెరైన్ అక్వేరియం' పత్రికలో 'మినీరీఫ్' పేరుతో ఇంటి పగడపు తొట్టెలను పరిచయం చేశాడు. ఆయన వాడిన వడపోత బెర్లిన్ పద్ధతికి భిన్నమైనదే అయినా, ఆ వ్యాసాలు వేలమందికి పగడపు తొట్టెపై కోరిక కలిగించాయి. దానితో జీవశిలకు గిరాకీ పెరిగింది. 1994లో డెల్బీక్, స్ప్రంగ్ ప్రచురించిన 'ది రీఫ్ అక్వేరియం' మొదటి సంపుటం నాటికి బెర్లిన్ పద్ధతి ఆంగ్ల పాఠకులకు సుపరిచితమైంది.

గిరాకీకి సరఫరా విమానం మీదుగా వచ్చింది. విమాన రవాణాలో ఖర్చును నిర్ణయించేది బరువు. ఒక లీటరు నీరు సుమారు ఒక కిలో తూగుతుంది. రాయిని నీటిలో ముంచి పంపితే రాయితోపాటు నీటికీ కిరాయి చెల్లించాలి. అందువల్ల రాళ్ళను తడి కాగితాలతో కప్పి, ప్లాస్టిక్ సంచులలో చుట్టి, పెట్టెలలో సర్ది పంపడం వాడుక అయింది. ఈ వాడుక అంతర్జాతీయ చట్టపరిభాషలోకి కూడా ఎక్కింది. 2000 సంవత్సరంలో కెన్యాలోని గిగిరిలో జరిగిన సైటీస్ సభ్యదేశాల సమావేశం పగడపు శిలలకు నిర్వచనాలు ఇచ్చింది. వాటి ప్రకారం అకశేరుకాలు, శైవలాలు అంటుకుని ఉండి, నీటిలో కాక తేమగా మాత్రమే ఉంచి పెట్టెలలో రవాణా చేసేది 'లైవ్ రాక్'. నీటిలో ఉంచి రవాణా చేసేదానికి వేరే పేరు ఇచ్చారు. అంటే రాయి పేరునే దాని ప్రయాణ విధానం నిర్ణయించింది. ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి అంతకుమించి నీరు లేకుండా ప్రయాణించిన రాయిపై స్పంజికలు మొదలైన మెత్తని జీవులు చనిపోవడం సహజం. ఆ మరణాలకు పరిష్కారంగా క్యూరింగ్ స్థిరపడింది.

6. క్యూరింగ్ తొట్టెలో జరిగేది

స్థిరపడిన రూపంలో ప్రక్రియ ఇలా ఉంటుంది. పెట్టె విప్పగానే రాళ్ళను ఉప్పునీటిలో కడిగి, తెల్లబడిన లేదా జిగటగా మారిన స్పంజికలను, చచ్చిన జీవులను గట్టి కుంచెతో రుద్ది తీసివేస్తారు. తర్వాత రాళ్ళను చేపలు లేని పెద్ద తొట్టెలో వదులుగా పేరుస్తారు. నీటి లవణీయత వెయ్యికి 35 పాళ్ళు, ఉష్ణోగ్రత సుమారు 25 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ ఉండేలా చూస్తారు. పంపుతో బలమైన ప్రవాహం కల్పిస్తారు. స్కిమ్మర్ నిరంతరం పనిచేస్తుంది. పోషకాలు ఎక్కువగా ఉన్న ఆ దశలో అవాంఛిత శైవలాలు అల్లుకోకుండా వెలుతురును తగ్గిస్తారు. కొన్ని రోజులకొకసారి నీటిలో అధికభాగం మార్చి, అడుగున చేరిన మడ్డిని గొట్టంతో లాగివేస్తారు.

మొదటి రోజులలో అమ్మోనియా పెరుగుతుంది. కుళ్ళు వాసన వస్తుంది. ప్రవాహం తగలని మూలల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టవచ్చు. క్రమంగా అమ్మోనియా తగ్గి నైట్రైట్ పెరుగుతుంది. తర్వాత అదీ తగ్గి నైట్రేట్ కనబడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ పరీక్షలలో సున్నాకు వచ్చి, దుర్వాసన పోయి, సముద్రపు వాసన మిగిలినప్పుడు శిల మాగినట్లు లెక్క. దీనికి రెండు నుంచి ఆరు వారాలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పడుతుంది.

పైకి కనిపించే శుభ్రత కంటే లోపల జరిగేది ముఖ్యం. రాయి ఉపరితలంపై ప్రాణవాయువు అందేచోట నత్రీకరణ బాక్టీరియా స్థిరపడుతుంది. రంధ్రాల లోతులో ప్రాణవాయువు అందనిచోట మరొక సమూహం నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదులుతుంది. దీనికి వినత్రీకరణం అని పేరు. ఒకే రాయి ఈ రెండు పనులూ చేయడం వల్ల గులకరాళ్ళ వడపోతకు సాధ్యం కానిది దీనికి సాధ్యమైంది. అక్వేరియాలలో నైట్రైట్‌ను మార్చేది నైట్రోబాక్టర్ అని చాలాకాలం భావించారు. హొవానెక్, ఆయన సహపరిశోధకులు 1998లో మంచినీటి అక్వేరియాలలో ఆ పని నైట్రోస్పిరా వర్గానికి చెందిన బాక్టీరియాది అని చూపారు. అనుభవం ముందు నడవగా, శాస్త్రం తర్వాత వివరణ ఇచ్చిన సందర్భాలలో ఇది ఒకటి.

క్యూరింగ్‌లో నిలిచేది బాక్టీరియా, గట్టి పెంకు గల జీవులు, సున్నపు శైవలాలలో కొంత భాగం. పోయేది మెత్తని శరీరం గల జీవవైవిధ్యం. పెంపకందారుకు ఉపద్రవంగా మారే మాంటిస్ రొయ్యలు, ముళ్ళపురుగులు, ఐప్టాసియా అనిమోన్లు వంటివి తరచుగా తట్టుకుని నిలుస్తాయి. కాబట్టి మాగిన శిల దిబ్బకు ప్రతిరూపం కాదు. ప్రయాణంలో నెగ్గినవాటి సమూహం మాత్రమే. అక్వేరియంలో కనిపించే 'ప్రకృతి' ఈ వడపోత తర్వాత మిగిలిన ప్రకృతి.

7. ఫ్లోరిడా, ఫిజీ: నష్టాన్ని భరించినవారు

అమెరికన్ మార్కెట్‌కు తొలుత దగ్గరి మూలం ఫ్లోరిడా. అక్కడి దిబ్బల నుంచీ, సముద్రపు అడుగు నుంచీ రాళ్ళను తీయడం పెరిగింది. ఈ రాయి చేపలకు, ఎండ్రరొయ్యలకు ఆశ్రయం. ఒకసారి తీస్తే మనిషి జీవితకాలంలో మళ్ళీ ఏర్పడదు. 1989లో ఫ్లోరిడా రాష్ట్రం తన జలాలలో జీవశిల సేకరణను నిషేధించింది. సమాఖ్య జలాలలో 1990ల మధ్య దశలవారీగా ఆంక్షలు వచ్చి, 1997 నాటికి సహజశిల సేకరణ ముగిసింది.

నిషేధంతోపాటు ఒక ప్రత్యామ్నాయం కూడా చట్టబద్ధమైంది. అనుమతి పొందినవారు భూమి మీది గనుల నుంచి తెచ్చిన సున్నపురాయిని కౌలుకు తీసుకున్న సముద్రపు అడుగున పరచి, కొన్నేళ్ళు జీవులు పట్టనిచ్చి, తిరిగి తీసుకోవచ్చు. సహజశిల నుంచి దానిని వేరుగా గుర్తించగలగాలన్నది నిబంధన. సముద్రం నుంచి రాయిని తీసుకోవడం స్థానంలో సముద్రానికి రాయిని అప్పిచ్చి, ప్రాణాన్ని వడ్డీగా పొందే పద్ధతి ఇది. ఇలా పెంచిన రాయిని కొందరు నీటిలోనే ఉంచి, దేశంలోపల ఒక్కరోజులో చేరవేస్తారు. అటువంటి రాయికి క్యూరింగ్ అవసరం బాగా తగ్గుతుంది. దూరం, తడి అన్న రెండింటిని మార్చగానే క్యూరింగ్ అవసరమూ మారడం ఈ వ్యాస ప్రతిపాదనకు బలమైన ఆధారం.

ఫ్లోరిడా మూతపడటంతో వ్యాపారం పసిఫిక్ దీవులవైపు మళ్ళింది. వాటిలో ఫిజీ ప్రధాన సరఫరాదారు అయింది. వీతీ లేవు దీవి దక్షిణతీరంలోని కోరల్ కోస్ట్ ముఖ్యమైన సేకరణ ప్రాంతం. అక్కడ తీరజలాలపై గ్రామసమూహాలకు సంప్రదాయ హక్కులున్నాయి. ఆ జలభాగాన్ని 'ఖోలిఖోలి' అంటారు. గ్రామస్థులు ఆటు సమయంలో ఇనుపకడ్డీలతో దిబ్బ అంచు నుంచి రాళ్ళను విడదీసి ఒడ్డుకు చేర్చేవారు. ఎగుమతిదారుల షెడ్లలో వాటిని చెక్కి, పనికిరాని జీవులను తీసివేసి, రోజుల తరబడి ఉప్పునీటిని చిలకరిస్తూ ఉంచేవారు. అంటే క్యూరింగ్‌లో తొలి భాగం ఎగుమతి దేశానికే తరలిపోయింది. చచ్చిన పదార్థం బరువు విమానం ఎక్కకముందే తగ్గుతుంది. కొనుగోలుదారుకు శుభ్రమైన రాయి అందుతుంది. చెక్కిపోసిన భాగం, నిరాకరించిన రాయి, వాటిపై నశించిన జీవులు ఫిజీ తీరం లెక్కలోనే మిగిలిపోతాయి.

క్యూరింగ్ వల్ల కొనుగోలుదారు గమనించే నష్టం అతని తొట్టెకే పరిమితం. వారాల నిరీక్షణ, పారబోసిన నీరు, కొంత దుర్వాసన అందులో ఉంటాయి. దిబ్బ పోగొట్టుకున్నది ఆ లెక్కలోకి రాదు. రాతిపగడాలన్నీ 1990 నుంచి సైటీస్ రెండవ అనుబంధంలో ఉన్నందువల్ల జీవశిల ఎగుమతికి అనుమతిపత్రాలు అవసరమయ్యాయి, బరువులు నమోదయ్యాయి. అయినా పత్రంలో నమోదయ్యేది ఎగుమతి అయిన రాయి బరువు. తీరంలోనే మిగిలిన తుక్కు బరువు అందులో కనిపించదు. 2017 చివర ఫిజీ ప్రభుత్వం పగడాల, జీవశిలల ఎగుమతిపై నిషేధం ప్రకటించింది. అంతకుముందే అక్కడ సిమెంటు, ప్యూమిస్ రాయి కలిపి చేసిన కృత్రిమశిలలను సముద్రంలో ఉంచి జీవులు పట్టించే ప్రయత్నాలు జరిగాయి. నిషేధం దిబ్బకు రక్షణ అయినా, ఆ రాళ్ళ మీద ఆధారపడిన గ్రామాలకు ఆదాయం పోవడమూ దానిలో భాగమే. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే చరిత్ర అసమగ్రమవుతుంది.

ప్రస్తుతం తొట్టెలలో అధికంగా కనిపించేది పొడిశిల. భూమిపై దొరికే ప్రాచీన పగడపు సున్నపురాయి గాని, తయారుచేసిన రాయి గాని ఇందుకు వాడతారు. దానిపై చనిపోవడానికి ఏమీ లేకపోయినా వాడుకలో 'క్యూరింగ్' అన్న మాట మిగిలింది. ఇక్కడ దాని అర్థం బాక్టీరియాను స్థిరపరచడం, కొన్ని రాళ్ళ నుంచి విడుదలయ్యే ఫాస్ఫేట్‌ను వదిలించడం. మృతిని వదిలించే ప్రక్రియకు పుట్టిన పేరు, ప్రాణాన్ని నాటే ప్రక్రియకు మారడం అర్థవిపరిణామానికి చక్కని ఉదాహరణ.

8. భారతీయ సందర్భం

ఆంధ్ర తీరంలో లక్షద్వీప్, అండమాన్, మన్నార్ సింధుశాఖ ప్రాంతాలలో ఉన్నటువంటి పెద్ద పగడపు దిబ్బలు లేవు. అయితే ఈ చరిత్ర తెలుగు పాఠకునికి సంబంధం లేనిది కాదు. మన్నార్ సింధుశాఖలో పగడపు రాయిని దశాబ్దాలపాటు సున్నానికి, నిర్మాణాలకు, పరిశ్రమలకు తవ్వారు. అక్కడి 21 దీవులలో విలాంగుచల్లి, పూవరసన్‌పట్టి అనే రెండు నీట మునగడానికి ఆ తవ్వకాలను ప్రధాన కారణంగా పరిశోధకులు పేర్కొన్నారు. 1986లో ఆ ప్రాంతం సముద్ర జాతీయ ఉద్యానం అయింది.

2001లో కేంద్ర ప్రభుత్వం రాతిపగడాలు, నల్లపగడాలు, అగ్నిపగడాలు, సముద్రపు విసనకర్రలుగా పిలిచే గోర్గోనియన్లను వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూలులో చేర్చింది. పులికి ఉన్న స్థాయి రక్షణ పగడానికీ లభించింది. దానితో మన దిబ్బల నుంచి పగడాన్ని, పగడంతో కూడిన శిలను సేకరించి అమ్మడం తీవ్రమైన నేరమైంది. ఉప్పునీటి అక్వేరియం అభిరుచి మన నగరాలలోనూ ఉంది. కనుక రాయి ఎక్కడిది అన్న ప్రశ్న క్యూరింగ్ ఎన్ని వారాలు అన్న ప్రశ్నకంటే ముందు వేయవలసినది. పొడిశిల, సిరామిక్ శిల వంటి ప్రత్యామ్నాయాలు ఉండగా సహజశిలకు సమర్థన కష్టం. ఫ్లోరిడాలో దశలవారీగా జరిగిన మార్పు ఇక్కడ చట్టం ద్వారా ఒక్కసారిగా జరిగింది. అయితే అక్కడ నిషేధంతోపాటు సముద్రంలో శిలను పెంచే మార్గం తెరిచారు. ఆ తేడా విధాన పరిశోధకులు పరిశీలించదగినది.

9. ముగింపు

పై పరిశీలన నుంచి ఈ క్రింది విషయాలు తేలుతున్నాయి.

- మూసి ఉన్న నీటిలో మృతపదార్థం సమస్య 1850 నాటికే గుర్తింపు పొందింది. అప్పటి పరిష్కారం దానిని తినే జీవులను తొట్టెలోనే ఉంచడం.
- దిబ్బకు దగ్గరగా ఉన్న జకార్తాలో జీవశిలకు ప్రత్యేకమైన క్యూరింగ్ దశ అవసరపడలేదు. తడి తక్కువగా, దూరం ఎక్కువగా సాగిన విమాన రవాణాతో ఆ దశ అనివార్యమైంది.
- ప్రొటీన్ స్కిమ్మర్ వంటి పరికరాలు క్యూరింగ్‌ను సాధ్యం చేశాయి. అదే సమయంలో దూరప్రాంతపు దిబ్బల నుంచి రాయిని తెప్పించడాన్నీ సాధ్యం చేశాయి.
- క్యూరింగ్‌లో కొంత భాగం ఎగుమతి దేశానికి మారినప్పుడు నష్టం తగ్గలేదు. కొనుగోలుదారు కంటికి దూరమైంది.
- పొడిశిలతో పదం అర్థం మారింది. పదం మిగిలి, దాని పుట్టుక మరుగున పడుతోంది.

క్యూరింగ్ మంచి పెంపకానికి అవసరమైన విధి అనడంలో సందేహం లేదు. దానిని నేర్చుకున్నవారి తొట్టెలలో అనేక జీవులు బతికాయి, తొట్టెలలోనే పగడాలు పెరిగి ముక్కలుగా పంచుకునే స్థాయి వచ్చింది. ఆ మేరకు అది దిబ్బపై ఒత్తిడిని తగ్గించే జ్ఞానానికి కూడా దారితీసింది. అయితే ఒక సాంకేతిక ప్రక్రియ ఎంత చక్కగా పనిచేస్తుందో చెప్పడంతో దాని చరిత్ర పూర్తికాదు. ఆ ప్రక్రియ అవసరాన్ని సృష్టించినది ఏమిటో, అది శుభ్రపరిచిన తర్వాత కనబడకుండా పోయినది ఏమిటో కూడా చెప్పాలి. రాయి మాగడానికి పట్టే వారాలు, దిబ్బకూ తొట్టెకూ నడుమ పెరిగిన దూరానికి కొలమానం.